పనిచోట మత్తు – ఎవరిని పిలవాలి?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో తెనాలి నుండి ఒక సహోదరుడు వ్రాసిన ఉత్తరం మమ్మల్ని చాలా రోజులు ఆలోచనలో పడవేసింది. ఆయన రైసుమిల్లు నడుపుతున్నారు. ముఠావారు, బాయిలరు దగ్గర పనిచేసేవారు, డ్రైవర్లు, గుమాస్తాలు కలిసి ముప్పైమందికి పైగా ఉన్నారట. సాయంత్రం పనికి వచ్చేవారిలో సగంమంది త్రాగి వస్తున్నారనీ, ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళ దగ్గర గంజాయి వాసన కూడా వస్తోందనీ, ఒకాయన చెయ్యి బెల్టులో పడబోయి వెంట్రుకవాసిలో తప్పిందనీ వ్రాశారు. ఇద్దరిని తీసేస్తే, వారి స్థానంలో వచ్చినవారూ అలాగే ఉన్నారట. సంఘ కాపరిగారిని పిలిచి మిల్లులోనే రెండుసార్లు కూడిక పెట్టించారు. అందరూ తలలు వంచుకుని విన్నారు, కూలి డబ్బులు చేతిలో పడగానే మళ్ళీ బ్రాందీషాపు దారి పట్టారు. ఇక తనవల్ల కాదు, బయటినుండి సహాయం చేసేవారున్నారా, ఉంటే ముందు ఎవరిని అడగాలి అని ఆయన ప్రశ్న.

మేము వెంటనే జవాబు వ్రాయలేదు. ఎందుకంటే ఈ విషయంలో మేమే ఒకసారి ఘోరమైన పొరపాటు చేశాము. అది ముందు చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం రేపల్లె వైపు ఒక గ్రామంలో గృహ కూడికకు వెళ్ళాము. ఆ ఇంటి యజమాని రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవారు. తెల్లవారగానే త్రాగనిదే చేతులు వణుకుతాయి. మేమందరం చుట్టూ కూర్చుని, ఆయన చేత ఈ రాత్రినుండి ముట్టనని మాట తీసుకున్నాము. సంతోషంగా ఇంటికి వచ్చాము. ఆయన మాట నిలబెట్టుకున్నారు. మూడవ రోజున ఒళ్ళంతా చెమటలు, గోడమీద పురుగులు ప్రాకుతున్నాయని కేకలు, ఆ తరువాత ఫిట్స్. ఇంటివారు దయ్యం పట్టిందనుకుని మళ్ళీ మమ్మల్నే పిలిచారు. మేమూ గంటసేపు ప్రార్థన చేశాకగాని ఆటో ఎక్కించలేదు. తెనాలిలో డాక్టరుగారు మమ్మల్ని పెట్టిన చీవాట్లు ఇప్పటికీ మరువలేము. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు. దేవుని దయవలన దక్కారు.

ఏళ్ళ తరబడి రోజూ త్రాగే శరీరం ఆ మత్తుకు అలవాటుపడి నడుస్తుంది. ఉన్నట్టుండి ఆపితే కొన్ని గంటలలోనే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజులలో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. దీన్ని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చు. ఆసుపత్రిలో కొద్దిరోజులు నరాలను నెమ్మదింపజేసే మందులు, బి1 విటమిన్ ఇచ్చి ఆ గండం దాటిస్తారు. కాబట్టి సహోదరుడా, రేపటినుండి త్రాగి వస్తే పని లేదని ఒక్కసారిగా ప్రకటించేముందు, మీరు పిలవవలసిన మొదటి బయటి మనిషి వైద్యుడు.

ఆ వైద్యం మరీ దూరంలో లేదు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడింటినుండీ గుంటూరుకు బస్సులున్నాయి. మానసిక విభాగమనగానే పిచ్చివాళ్ళకు కదా అని మనవారు వెనుకాడతారు, కాని ఈ జబ్బు చూసేది అక్కడే. కదలలేనివారికి ఫోను ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. వ్యసన విముక్తికే కేంద్ర ప్రభుత్వం పెట్టిన నంబరు 14446. ఇక 1972 అన్నది వేరు. అది మన రాష్ట్రంలో గంజాయి అమ్మేవారి సమాచారం ఇవ్వడానికి ఈగల్ పోలీసు విభాగంవారిది. అమ్మేవాడి కోసం చేయవలసిన ఫోను, జబ్బుపడిన పిల్లవాడి మీద చేయకండి.

బయటి సహాయం పేరుతో మోసమూ ఉంది. మనిషిని బలవంతంగా వ్యానులో ఎక్కించుకుపోయి గదిలో పెట్టి తాళం వేసే కేంద్రాల సంగతి మనమందరం విన్నదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వలన వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అటువంటి రోగులను ఉంచుకునే కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. రోగిని గొలుసులతో కట్టడం నిషేధం. మీ మనిషిని పంపేముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపమనండి, డాక్టరు ఎన్నిసార్లు వస్తారో అడగండి, భార్య వచ్చి చూడవచ్చునా అని అడగండి. మూడవ ప్రశ్నకు ముఖం మాడ్చుకుంటే తిరిగి వచ్చేయండి.

వైద్యం సరే, మిల్లు సంగతేమిటి?

పనిచోటనే ఈ జబ్బును పట్టించుకోవడం కొత్త సంగతి కాదు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఇద్దరు త్రాగుబోతులు ఒకరినొకరు నిలబెట్టుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసం మొదలయింది. 1940 దశకంలో అక్కడి పెద్ద కంపెనీలు కొన్ని, పనివారిని తీసేసేకంటె బాగుచేసుకోవడం లాభమని గ్రహించి, అలా మానినవారినే పిలిపించుకుని పనిలో సహాయం ఏర్పాటు చేశాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995 జనవరిలో జెనీవాలో నిపుణులను సమావేశపరచి తయారు చేయించిన నియమావళి 1996లో అచ్చయింది. అందులో ముఖ్యమైనవి మనవంటివారికీ పనికివస్తాయి. త్రాగుడును మిగతా జబ్బులవలె జబ్బుగానే చూడాలి. నియమాలు యజమాని ఒక్కడే కాక పనివారితో కలిసి వ్రాయాలి. వైద్యానికి ఒప్పుకున్నవాని ఉద్యోగం నిలపాలి. అతని సంగతి గుట్టుగా ఉంచాలి. తప్పు చేసినవాణ్ణి శిక్షించే అధికారం యజమానికి లేకుండా పోదు, అదీ ఉంటుంది.

గుట్టు అన్నచోట మన యజమానులు తప్పిపోతారు. డాక్టరు ఫీజు నేనిస్తున్నాను కాబట్టి ఏం మాట్లాడారో నాకు చెప్పాలంటారు. అలా చెబితే రెండవ మనిషి ఆ డాక్టరు దగ్గరకు పోడు. మీకు తెలియవలసింది ఒక్కటే, మనిషి చికిత్సకు వెళ్తున్నాడా లేదా. బెల్టు దగ్గర, బాయిలరు దగ్గర, లారీ మీద మాత్రం ఆ పూట త్రాగినవారిని నిలబెట్టకూడదు. ఆర్టీసీవారు డ్రైవర్ల చేత డ్యూటీకి ముందు పరికరంలో ఊదించి చూస్తారు గదా, అది భద్రత కోసం. ఆ పరీక్షనూ చికిత్సనూ ఒకటి చేయకండి.

మద్రాసులో శాంతి రంగనాథన్ గారు 1980లో స్థాపించిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చి ఫౌండేషన్, అందరూ టి.టి.కె. ఆసుపత్రి అనేది, ఈ పనిలో మనకు దగ్గరలో ఉన్న పాత సంస్థ. వారు ఆసుపత్రితో ఆగలేదు. తమిళనాడులో మంజక్కుడి అనే గ్రామానికి వెళ్ళి శిబిరాలు పెట్టారు. రోగులు అక్కడే కొన్నాళ్ళుండి మందులు, సలహాలు పొందుతారు, కుటుంబాలనూ కూర్చోబెట్టి మాట్లాడతారు. ముప్పైమంది ఉన్న ఒక్క మిల్లు ఇటువంటిది చేయించలేదు. నాలుగైదు మిల్లులు కలిస్తే ఎందుకు చేయించలేవు? చోటు లేదంటారా, ఆదివారం తప్ప ఖాళీగా ఉండే మన మందిరాల హాళ్ళు ఎన్ని లేవు! తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది, 2022 ఏప్రిల్ 4 నుండి బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. 2020లో మొదలైన నశా ముక్త భారత్ కార్యక్రమానికి జిల్లాలో కలెక్టరుగారే పెద్ద. కాబట్టి ఎవరి అర్జీ వారి కలెక్టరుకు వెళ్ళాలి.

ఇదే విషయంమీద బాపట్ల నుండి ఒక సహోదరి వ్రాశారు. ఆమె కుమారుడు వర్కుషాపులో పనిచేస్తూ గంజాయికి అలవాటుపడ్డాడు. ఆసుపత్రికి తీసుకువెళితే పోలీసులకు అప్పగిస్తారేమోనని భయం. అమ్మా, 1985 మత్తుపదార్థాల చట్టంలోనే 64ఎ అనే సెక్షను ఉంది. అలవాటుపడినవారు తమంతట తాము ప్రభుత్వం నడిపే లేక గుర్తించిన సంస్థలో చికిత్సకు వెళితే, కొద్ది మోతాదు కేసులో వారిమీద ప్రాసిక్యూషను ఉండదు. అయితే చికిత్స చివరివరకు పూర్తి చేయాలి. ముందు మీరే 14446కు ఫోను చేయండి. ఓనరుకు చెప్పాలా వద్దా అన్నది మీ అబ్బాయిని అడిగి చేయండి.

తెనాలి సహోదరునికి ఇంకొక మాట, కొంచెం కఠినమైనదే. లోడు ఎక్కువైన రాత్రి ముఠాకు సీసాలు తెప్పించి ఇచ్చే ఆనవాయితీ మీ మిల్లులో ఉందా? రేపల్లె వైపు రొయ్యల పట్టుబడి రాత్రి కూడా ఇదే చూశాము. ఉంటే, ఏ బయటివారిని పిలిచేముందైనా అది ఆపాలి. శనివారం రాత్రి ఇచ్చే కూలిని మరొక రోజు పగటిపూట ఇచ్చి చూడండి. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల ఉద్యమం పెరిగి పెద్దదై, 1993 అక్టోబరు 1న సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ రెండేళ్ళలో మన ఊళ్ళలో త్రాగుడుకు అలవాటుపడినవారు ఎంతమంది వైద్యానికి వెళ్ళారు? మాకు తెలిసినంతలో దొంగసారా వెదుక్కున్నవారే ఎక్కువ.

ఈ సంగతులన్నీ ఆయనకు వ్రాసి పంపాము. ప్రక్కనున్న రెండు మిల్లులవారితో మాట్లాడానని తిరుగు టపాలో వ్రాశారు. ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు నవ్వారట.

రేపల్లె కాపలాదారు సంగతి అడుగుతారేమో. చికిత్స తరువాత మధ్యలో ఒకసారి జారిపడ్డారు, మళ్ళీ లేచారు. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో పగటిపూట పని. తెనాలి మిల్లుకు వచ్చి పనివారితో మాట్లాడతారా అని అడిగితే ఒప్పుకున్నారు. తన పేరు మాత్రం ఎవరికీ చెప్పవద్దన్నారు, మేము మాట ఇచ్చాము. రానుపోను రైలు టిక్కెట్టు మిల్లువారే పెట్టుకోవాలని కూడా అన్నారు.