నోటి మాట మీద తట్ట మట్టి కూడా వేయొద్దు

"అన్నా, వారంలో పెద్దసార్ల విజిట్ ఉంది. ముందు పని కానీ, కాగితాలు తర్వాత చూసుకుందాం."

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. బోర్డులు మారాయి, సీళ్లు మారాయి. ఈ మాట మాత్రం పాత అనంతపురం జిల్లా నుంచి చెక్కుచెదరకుండా దిగింది. హిందూపురంలో మురుగు కాలువ కట్టేవాణ్ణి అడగండి, పెనుకొండ పక్కన చెక్‌డ్యామ్ కట్టినవాణ్ణి అడగండి, ధర్మవరంలో సీసీ రోడ్డు వేసినవాణ్ణి అడగండి. సిమెంటు ధర పెరిగి నష్టపోయినవాడు మళ్లీ లేచాడు. ఈ మాట నమ్మినవాడు లేవలేదు.

చిన్న కాంట్రాక్టరు దగ్గర సర్కారు తీసుకునేదంతా రాతలోనే. రిజిస్ట్రేషన్, ఈఎండీ (ధరావతు), అగ్రిమెంటు బాండు, జీఎస్టీ రిటర్నులు అన్నీ ఉండాలి. బిల్లు వస్తే కోతలూ రూలు ప్రకారమే: కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్, 1 శాతం కార్మిక సెస్సు, ఆదాయపన్ను, సీనరేజి. ఒక్క పైసా నోటి మాట మీద వదలరు. అతని చేత అదనంగా చేయించుకునే పని మాత్రం ఫోన్లో చెబుతారు. "ఇంకో ముప్పై మీటర్లు లాగు, రివైజ్డ్ ఎస్టిమేట్ పెడదాం." ఆ ఎస్టిమేట్ పెట్టేలోపు ఆ మాట చెప్పిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) బదిలీ అవుతాడు. కొత్తగా వచ్చిన సారు ఫైలు తిరగేసి, "ఇందులో లేదే" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే లేదు!

రాజ్యాంగం 299వ అధికరణం ఏమంటుందో ఈ సార్లకు తెలియదా? ప్రభుత్వం చేసుకునే ఒప్పందం రాష్ట్రపతి పేరుతోనో గవర్నరు పేరుతోనో, అధికారం ఉన్నవాడి సంతకంతో ఉండాలి. నోటితో చెప్పిన పనికి ఆ లెక్కన ఒప్పందమే లేదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికీ బి.కె. మండల్ అండ్ సన్స్‌కీ మధ్య నడిచిన కేసు చూడండి. 1944లో పౌర సరఫరాల శాఖ అధికారులు చెప్పారని ఆ సంస్థ గోదాము షెడ్లు, చిన్నచిన్న కట్టడాలు కట్టింది. అవి వాడుకున్న సర్కారే, ఒప్పందం చెల్లదు పొమ్మంది. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పనితో ఇంకొకరు లాభపడితే ప్రతిఫలం ఇవ్వాల్సిందేనని, కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు తేల్చేసరికి 1961 డిసెంబరు. పదిహేడేళ్లు! ధర్మవరం కాంట్రాక్టరు అంతకాలం సిమెంటు షాపువాడికి ఏం చెబుతాడు?

ఇక ఎం-బుక్, అంటే పని కొలతలు ఎక్కించే పుస్తకం సంగతి. పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం: నాలుగు గళ్లు. చెక్‌డ్యామ్ పునాది ఎంత లోతు తవ్వావో కాంక్రీటు పడ్డాక భూదేవికి తెలియాలి, ఎం-బుక్‌కి తెలియాలి. అందుకే కాంక్రీటు వేయకముందే కొలత ఎక్కించుకోవాలి. మన దగ్గర జరిగేదేమిటి? గుంత తవ్విన రోజు ఏఈ మరో మండలంలో ఉంటాడు. "వేసెయ్, తర్వాత రాస్తా" అంటాడు. తర్వాత రాసే లోతు తవ్విన లోతు కాదు, బేరం కుదిరిన లోతు. నోటి మాట ఇన్నేళ్లుగా ఎందుకు బతికుందో ఇప్పుడర్థమైందా? రాస్తే పర్సంటేజీకి చోటుండదు.

కాంట్రాక్టర్లూ తక్కువేం కాదు. ఒకరి లైసెన్సు మీద ఇంకొకరు పని చేస్తారు, డబ్బు పడేది లైసెన్సు ఉన్నవాడి ఖాతాలో. ఇద్దరి మధ్య చీటీ ముక్క కూడా ఉండదు, "మనవాడే" అన్న నమ్మకం ఒక్కటే. బిల్లులు, గేటు పాసులు, కూలీల లెక్క, సిమెంటు చలాన్లు అన్నీ స్కూటర్ డిక్కీలో ప్లాస్టిక్ కవర్లో. రేపు విజిలెన్సు వస్తే ఆ కవరు విప్పి చూపిస్తావా?

అది ఊహ కాదు. 2019లో ప్రభుత్వం మారాక విజిలెన్సు విచారణ పేరుతో ఉపాధి హామీ మెటీరియల్ బిల్లులు రాష్ట్రమంతా ఆగిపోయాయి. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన పక్కనే, నార్పల మండలం బండ్లపల్లిలో. కూలి ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని ఆ ఉపాధి హామీ చట్టంలో రాశారు, మెటీరియల్ పెట్టినవాడికి అలాంటి రక్షణ రాయలేదు. హైకోర్టు గడప ఎక్కితే, 2021 అక్టోబరులో 12 శాతం వడ్డీతో చెల్లించమని ఆదేశించింది.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బివ్వాలి, లేదంటే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. బాగానే ఉంది. కానీ వర్క్స్ కాంట్రాక్టుకు ఇది వర్తించదని కొన్ని హైకోర్టులు చెప్పాయి. అంటే బడికి బల్లలు అమ్మినవాడికి దొరికే రక్షణ బడి కట్టినవాడికి అనుమానమే. దీనికి మించిన అన్యాయం ఇంకేం కావాలి?

అందుకే సొంతంగా రెండు పేజీల నియమాలు రాసుకో. వర్క్ ఆర్డరు లేకుండా మట్టి తీయను. అదనపు పని ఫోన్లో చెబితే అదే సాయంత్రం "మీరు ఫలానా పని చెప్పారు, చేస్తున్నాను" అని ఉత్తరం రాసి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకుంటాను. పునాది మూసేలోపు టేపు పెట్టి తేదీతో ఫోటో తీస్తాను. ఎం-బుక్ నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగుతాను, 30 రోజుల్లో జవాబు రావాలి. బాకీ ఉందని సంతకంతో ఒక ఉత్తరం తీసుకుంటాను. ఈ చివరిది మరిచిపోవద్దు. చేసిన పని డబ్బుకు దావా వేసే గడువు మూడేళ్లే. ఆ గడువులోపు బాకీ ఒప్పుకుంటూ రాసిచ్చిన కాగితం ఉంటే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. "వచ్చే నెల వస్తాయన్నా" అన్న మాటకు ఏ కోర్టులోనూ గడువు పెరగదు.

"రాసిమ్మంటే మళ్లీ పనివ్వరు సార్" అంటారు. ఒక్కడు అడిగితే ఇవ్వరు. హిందూపురం నుంచి కదిరి దాకా సంఘం కట్టి అందరూ ఒకే మాట మీద నిలబడితే, రోడ్లు ఎవరితో వేయిస్తారు? సంఘాల నాయకులారా, సన్మానాలూ శాలువాలూ కొన్నాళ్లు ఆపండి. రాతపూర్వక ఆర్డరు లేనిదే ఏ సభ్యుడూ పని మొదలుపెట్టడని తీర్మానం చేసి, కలెక్టరు చేతికి ఇచ్చి, రసీదు తీసుకోండి.