నేర్పిస్తున్నాం కదా, మళ్లీ పైసలెందుకు?

"నేర్పిస్తున్నాం కదా, మళ్లీ పైసలెందుకు?" మన పిల్లల్ని ఆడిట్ ఆఫీసుల్లో, ట్యాక్స్ కన్సల్టెన్సీల్లో ఇంటర్న్‌షిప్‌కి పెట్టుకునే సాహెబులు అలవాటుగా అనే మాట ఇది. వినడానికి ఉస్తాద్ మాటలా ఉంటుంది. హిసాబ్ తీస్తే మాత్రం మాలిక్ మాటే.

తీద్దాం హిసాబ్. సి.ఏ. చదివేవాళ్లకి ఆర్టికల్‌షిప్ లాజిమీ. మూడేళ్లుండేదాన్ని 2023 జూలై నుంచి రెండేళ్లు చేశారు. ఇన్‌స్టిట్యూట్ రూలు ప్రకారం వారానికి 35 గంటల పని. 20 లక్షల జనాభా దాటిన నగరంలో మొదటి ఏడాది కనీస స్టైపెండ్ నెలకి 4000 రూపాయలు. నెలకి 150 గంటలనుకుంటే గంటకి 27 రూపాయలు కూడా పడదు. అదీ పెంచిన తర్వాతి సంగతి. చిన్న ఊళ్లలో ఇంకా తక్కువ. బి.కాం., ఎం.బి.ఏ. పిల్లల ఇంటర్న్‌షిప్‌కి ఆ మాత్రం రూలు కూడా లేదు. చాలా చోట్ల వాళ్లకి దక్కేది సిఫర్.

మరి వాళ్లు చేసే పనేంటి? వోచర్లు సరిచూడటం, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పద్దులు కలపడం, జి.ఎస్.టి. రిటర్నుల ఎంట్రీలు, ఎండలో గోడౌన్‌కి పోయి సరుకు లెక్కపెట్టడం. మొదటి నెల పిల్లలకి పని రాదు, పక్కన కూర్చుని చెప్పాలి. ఒప్పుకుంటాను. రెండో నెల నుంచి వాళ్ల మెహనత్‌కి క్లయింట్ దగ్గర ఫీజు వసూలవుతుంది కదా! చెమట ఆరకముందే మజ్దూరీ చేతిలో పెట్టాలని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఏసీ గదిలో చెమట పట్టదు కాబట్టి ఆ హుకుం అక్కడ వర్తించదా?

సర్కారు మాత్రం ఏం చేసింది? 2024 బడ్జెట్‌లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ప్రకటించారు. 500 పెద్ద కంపెనీలు, నెలకి 5000 రూపాయలు. అందులో 4500 సర్కారుది, కంపెనీ ఇచ్చేది 500. అంటే రోజుకి 17 రూపాయలు. ఇరానీ హోటల్లో చాయ్, దాంతో ఒక ఉస్మానియా బిస్కట్ కూడా రావు. పైగా రెగ్యులర్ కాలేజీలో చదువుతున్నవాళ్లకి ఆ పథకంలో జాగా లేదు.

దీనివల్ల జరిగేదేంటంటే, జల్లెడ పట్టడం. మార్కులు చూసి కాదు, అబ్బా జేబు చూసి. ఆరు నెలలు పైసా రాకపోయినా గడిచే ఇంటి పిల్లాడు నిలబడతాడు, అనుభవం పేరుతో మంచి నౌకరీ పడతాడు. హాస్టల్ మంచానికి, బస్ పాస్‌కి తడుముకునే పిల్లాడు పదిహేనో రోజున మొబైల్ షాపులో చేరిపోతాడు. బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ మనల్ని కాలేజీ దాకా తీసుకొచ్చింది, సర్కారు కొలువు దాకా తీసుకెళ్తుంది. ప్రైవేటు దఫ్తర్ గేటు దగ్గర దాని మాట చెల్లదు. అక్కడ నడిచేది సిఫారిష్.

మా బిరాదరీలోనే ఒక అమ్మాయి. తండ్రి ఆటో, తల్లి కుట్టుమిషన్. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఒక ట్యాక్స్ ఆఫీసులో రెండు నెలలు ఇంటర్న్‌షిప్. స్టైపెండ్ లేదు. రిటర్నుల సీజన్ కావడంతో రాత్రి ఎనిమిదింటి దాకా ఎంట్రీలు. రెండు నెలలయ్యాక సర్టిఫికెట్ అడిగితే, "సీజన్ అయిపోనీయమ్మా, అప్పుడిస్తాం" అన్నారు. ఇంట్లో మామూ తగులుకున్నాడు: "పైసా రాని నౌకరీ ఏంటే? ఇజ్జత్‌గా ఇంట్లో కూర్చో, రిష్తాలు చూస్తున్నాం." అమ్మాయి మానేసింది. రెండు నెలల పని పోయింది, కాగితమూ పోయింది.

ఆ ఆఫీసు చేసింది జుల్మ్. మరి మామూ చేసింది? రాత్రి ఎనిమిదింటికి ఆమెని తీసుకురావడానికి ఒక్క రోజైనా బండి తీశాడా? సర్టిఫికెట్ ఏదని ఆఫీసుకి పోయి అడిగాడా? కొడుకు గల్ఫ్ వీసాకి ఏజెంట్ చేతిలో లక్షలు పోసే ఇళ్లు, బిడ్డ బస్ పాస్ దగ్గరికొచ్చేసరికి ఫజూల్ ఖర్చు అంటాయి. కొన్ని దఫ్తర్లలో హిజాబ్ చూసి "క్లయింట్లు ఏమనుకుంటారో" అని నసుగుతారు. బయటివాళ్లు ఆ మాట అంటే మనకి గుస్సా వస్తుంది. ఆమె దారిని ఇంట్లోవాళ్లే మూసేస్తే ఎందుకు రాదు?

తెలుగువాళ్లు లెక్కలు రాసే భాషనే చూడండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, చివరికి తనిఖీ కూడా. ఈ మాటలన్నీ అరబ్బీ, ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. మాటలు మన ఇంటివి, ఆ కుర్చీల్లో మాత్రం మన పిల్లలు ఎక్కడో ఒకరు.

ఇక చేయాల్సింది. మన ఖౌమ్‌లో హోటళ్లున్నాయి, ఫంక్షన్ హాళ్లున్నాయి, తోళ్ల వ్యాపారం, స్క్రాప్ వ్యాపారం, నర్సింగ్ హోములున్నాయి. ప్రతి ఏటా ఎవరో ఒక ఆడిటర్‌కి ఫీజు కడుతున్నాం. ఫీజు కట్టేవాడికి అడిగే హఖ్ ఉంది: "జనాబ్, ఈ ఏడాది మీ ఆఫీసులో ఇంటర్న్‌ల కోసం కాలేజీల్లో నోటీసు పెట్టండి. పరీక్ష పెట్టి తీసుకోండి. స్టైపెండ్ ఇవ్వండి."

ఇదీ సిఫారిషే కదా అంటారేమో. సొంత కొడుకు కోసం చాటుగా ఫోన్ చేస్తే సిఫారిష్. తలుపు అందరికీ తెరవమని బాహాటంగా అడిగితే అది ఇన్సాఫ్. ఆ తలుపులోంచి మన పిల్లాడే రావాలని లేదు. పక్కవీధి దళిత పిల్లాడు వచ్చినా మనం అడిగింది దక్కినట్టే.

మస్జిద్ కమిటీల ఇమ్దాద్ స్కూలు ఫీజుతో ఆగిపోతోంది. ఇంటర్న్‌షిప్ రెండు నెలలకి హాస్టల్ ఖర్చు, బస్ పాస్ కూడా అందులో చేర్చండి. పిల్లలకి నా మాట ఒకటే: చేరే రోజే పని గంటలు, స్టైపెండ్, నేర్పే పని, సర్టిఫికెట్ ఇచ్చే తారీఖు కాగితం మీద రాయించుకోండి. జుమా నమాజుకి వెళ్లే టైమ్ కూడా ఆ రోజే మాట్లాడుకోండి, తలవంచుకోకుండా.

వ్యాపారం చేసే భాయిలారా, ఈసారి ఆడిట్ కాగితాల మీద సంతకం పెట్టే ముందు మీ ఆడిటర్‌ని ఒక్క మాట అడగండి: "మీ దగ్గర ఎంతమంది పిల్లలు పని నేర్చుకుంటున్నారు, వాళ్లకి ఎంతిస్తున్నారు?" ఏం జవాబొచ్చిందో నాకూ రాయండి.