అడవి ఆముదం తెలియని బాల్యం

బిడ్డను తలుపు లోపల ఉంచితే క్షేమంగా ఉన్నట్లేనని మనం నమ్ముతున్నాము. ఒక వైద్యునిగా ఈ నమ్మకాన్ని నేను అంగీకరించలేను. ఎల్లకాలం తలుపు లోపలే ఉండే బిడ్డ ఎక్కడా లేడు. సెలవులకు అమ్మమ్మగారి ఊరికి వెళ్తాడు, విహారయాత్రకు వెళ్తాడు, చెరువు గట్టున నిలబడతాడు. ఆనాడు అతనికి తోడు వచ్చేది మీరు కాదు, అతనికి తెలిసిన విషయాలే.

అడవి ఆముదం సంగతే చూడండి. కంచెల వెంట పెరిగే ఈ మొక్క గింజలు తినడానికి రుచిగానే ఉంటాయి. అందుకే ఒకరిని చూసి ఒకరు తిని, పిల్లలు గుంపులుగా వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి చేరతారు. ఉమ్మెత్త, గన్నేరు, గురివింద గింజలు ఇంకా ప్రమాదకరం. వీటిని గుర్తించడం నేర్పడానికి ఒక ఆట చాలు. పెద్దవారు మొక్క పేరు చెప్పాలి, పిల్లలు ముట్టుకోకుండా వెతికి చూపాలి.

1981లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్ డియాగో సమీపపు కొండల్లో తొమ్మిదేళ్ల బాలుడు తప్పిపోయి మరణించాడు. అతనికోసం గాలించినవారు ఆ తరువాత పిల్లలకోసం ‘చెట్టును కౌగిలించుకో’ అనే పాఠం రూపొందించారు. దారి తప్పితే తిరగవద్దు, ఒక చెట్టును పట్టుకొని అక్కడే ఉండు అన్నదే దాని సారం. బిడ్డ నడిచిన కొద్దీ వెతకవలసిన ప్రదేశం పెరుగుతుంది. మన దాగుడుమూతలను తిరగవేస్తే ఇదే పాఠం అవుతుంది: దాగినవాడు కదలకుండా మూడేసి సార్లు ఈల ఊదాలి, త్వరగా దొరికినవాడే గెలిచినట్లు. తప్పిపోతే తిట్టబోమని కూడా ముందే చెప్పండి. తిట్లకు భయపడి, వెతికేవారి పిలుపు వినిపించినా పలకని పిల్లలుంటారు.

అయితే ఉరుముల వేళ చెట్టు నీడ మృత్యువే. మెరుపు కనిపించగానే సెకన్లు లెక్కపెట్టించండి. 30 లోపే ఉరుము వినిపిస్తే పక్కా భవనంలోకి వెళ్లాలి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు అక్కడే ఉండాలి. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లని వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, వర్షం రాగానే చెట్టు క్రిందికి పరుగెత్తితే ఆ మార్కులు ఏమి చేసుకోవాలి?

పాముకాటు మాట మరీ బాధాకరం. 2000 నుండి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని పరిశోధకుల అంచనా. వారిలో నాలుగవ వంతుకు పైగా 15 ఏళ్లలోపువారే. ‘స్టాచ్యూ’ ఆట మన పిల్లలందరికీ వచ్చు. ‘పాము’ అనగానే బిగుసుకొని, తరువాత మెల్లగా వెనుకకు అడుగు వేయడం అందులో చేర్చండి. కాటు పడిందనుకొని, కాలికి కర్ర ఆసరాగా కట్టి, మిత్రుని నడిపించకుండా మోసుకుపోయే ఆట ఆడించండి. బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఈ ఆటలో ఓటమి. విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రి చేరడమే గెలుపు.

‘ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?’ అని పాఠశాలలు అడుగుతాయి. ఆవరణంతా సిమెంటు పోయించి, అదే భద్రత అంటాయి. మరికొందరు వేలకు వేలు రుసుము కట్టి వేసవి సాహస శిబిరాలకు పంపి చేతులు దులుపుకుంటారు. తాడుపై జారడం సరదాయే, కాదనను. కాని ఉమ్మెత్త కాయను గుర్తుపట్టడానికి తాడు అక్కరలేదు, రుసుమూ అక్కరలేదు, ఊరి చివర ఒక గంట నడక చాలు.

ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో ర్యాంకులు అడిగే ముందు, మా పిల్లలు ఈ ఏడాది ఎన్నిసార్లు మట్టి తొక్కారని అడగండి. జవాబు రాకపోతే, ఈ ఆదివారమే ఒక ఈల కొని బిడ్డ చేతికివ్వండి.