మడమ మానేదాకా మా చోటు నిలపండి

నలభై ఐదు దాటిన రన్నర్లకు, రన్నింగ్ క్లబ్బులకు, మారథాన్ నిర్వాహకులకు విన్నపం

మేము అడిగేది ఒకటే. నలభై ఐదేళ్లు దాటిన రన్నర్ తన కాలి స్నాయుబంధనం (టెండన్) దెబ్బతిన్నదని డాక్టరో ఫిజియోథెరపిస్టో రాసిచ్చిన చీటీ చూపిస్తే, ఆ మనిషి పేరు, కట్టిన రుసుము వచ్చే ఏడాది పోటీకి మార్చండి. డబ్బు వాపసు ఇమ్మనడం లేదు. చోటు మాత్రం నిలపండి.

ఇంత చిన్న కోరికకు కరపత్రం ఎందుకని అనిపించవచ్చు. మన ఊళ్లలో యాభై, అరవై ఏళ్ల వాళ్లు ఇవాళ పోటీకి పరుగెత్తుతున్నారు. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఆటల్లో పెరిగినవాళ్లు కారు. పిల్లలు చేతికొచ్చాక, షుగరో బీపీయో బయటపడ్డాక బూట్లు కట్టినవాళ్లు. పరుగు వాళ్లకు రెండో జీవితం ఇచ్చింది. ఆ జీవితం మడమ దగ్గర తెగిపోతుంటే చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాం.

తెగిపోయే తీరు ఎక్కడైనా ఒకటే. రుసుము తక్కువగా ఉంటుందని పోటీకి నెలల ముందే పేరు రాయించుకుంటాం. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో వస్తుంది కాబట్టి మండు వేసవిలోనే దూరం పెంచుతాం. ఏ జూన్‌లోనో ఒకరోజు పొద్దున్నే మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి మడమ వెనక పట్టేసినట్టు ఉంటుంది. కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. పరుగు మొదలుపెట్టి ఒళ్లు వేడెక్కితే అసలు తెలియదు. అందుకే పెద్దగా పట్టించుకోం. మూడు వారాలకు ఆ చోట ముడిలా లావెక్కుతుంది. అప్పటికి పోటీ నెలన్నరలో ఉంటుంది. రుసుము కట్టేశాం, ఇంట్లో చెప్పేశాం, క్లబ్బు గ్రూపులో పేరు పెట్టేశాం. నొప్పి మాత్ర వేసుకుని, క్రేప్ బ్యాండేజీ చుట్టి వెళ్లిపోతాం. మూడు నాలుగు నెలల్లో చక్కబడాల్సిన గాయం అక్కడినుంచి ఏడాది గాయమవుతుంది. కొందరు మళ్లీ రానే రారు.

అలా గాయపడ్డ మనిషిని తొందరపెట్టింది పోటీ తేదీ. ఆ తేదీని కదిలించే శక్తి నిర్వాహకుల చేతిలో ఉంది.

తొందర ఎందుకు పనికిరాదో ఒంటి సంగతి తెలిస్తే అర్థమవుతుంది. పిక్క కండరాలను మడమ ఎముకకు కట్టి ఉంచేది అకిలిస్ స్నాయుబంధనం. మన ఒంట్లో ఇంత లావైనది, బలమైనది మరొకటి లేదు. పరుగులో ఒక్కో అడుగుకు దాని మీద శరీర బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్ల లాగుడు పడుతుంది. మడమకు ఒకటి రెండు అంగుళాల పైన దానికి రక్తం అందేది కొంచెమే. ఎక్కువమందికి నొప్పి వచ్చేదీ అక్కడే.

డెన్మార్క్ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆనవాళ్లను వాళ్లు మనుషుల అకిలిస్ కణజాలంలో వెతికారు. ఆ బంధనం నడిమి భాగం పదిహేడేళ్ల వయసు దాకా తయారవుతుందని, ఆ తర్వాత కొత్త కణజాలంతో మారడం దాదాపు లేనట్టేనని తేలింది. అంటే అరవై ఏళ్ల మనిషి ఇంటర్మీడియట్ వయసులో తయారైన బంధనంతోనే పరుగెత్తుతున్నాడు. అరిగిన భాగం కొత్తగా మొలుస్తుందని మంచం మీద కూర్చుని ఎదురుచూస్తే లాభం లేదు. మంచిగా ఉన్న భాగాన్ని, దాన్ని లాగే పిక్కను గట్టిపరచాలి. పూర్తి విశ్రాంతిలో నొప్పి తగ్గేమాట నిజమే. కానీ బరువు మోయకుండా వదిలేస్తే బంధనం బలం, పిక్క బలం రెండూ తగ్గుతాయి. అందుకే విశ్రాంతి తీసుకుని నొప్పి పోయిందని పాత వేగంతో రోడ్డెక్కినవాళ్లు రెండు వారాల్లో మళ్లీ కుంటుతూ కనిపిస్తారు.

గట్టిపరిచే దారి తెలిసి పాతికేళ్లు దాటింది. స్వీడన్‌లో హొకన్ అల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడికి స్వయంగా ఈ నొప్పి ఉండేది. తన బంధనానికి ఆపరేషన్ చేయించుకుందామంటే పై అధికారి ఒప్పుకోలేదట. తెగితే అప్పుడైనా ఆపరేషన్ చేస్తారని నొప్పిని లెక్కచేయకుండా బరువుతో పిక్క వ్యాయామం మొదలుపెట్టాడు. తెగలేదు, నయమైంది. 1998లో ఆయన బృందం ప్రచురించిన అధ్యయనంలో నడివయసు రన్నర్లు పదిహేను మంది ఉన్నారు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమను మెల్లగా కిందికి దించడం, ఒక విడతకు పదిహేను సార్ల చొప్పున మూడు విడతలు, పూటకోసారి రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాలు. తేలికయ్యేకొద్దీ వీపు సంచిలో బరువు పెంచారు. పదిహేను మందీ మునుపటిలా పరుగెత్తగలిగారు. అది చిన్న అధ్యయనమే. ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో అందరికీ అంత బాగా కుదరలేదు. అయినా బరువుతో క్రమంగా గట్టిపరచడమే మొదటి వైద్యమన్నది నిలబడింది. బరువెక్కువ పెట్టి, మెల్లగా, వారానికి మూడు రోజులు చేసినా ఫలితం దగ్గరదగ్గరగా ఉంటుందని 2015లో డెన్మార్క్ వాళ్లు చూపించారు. రోజుకు రెండుసార్లు కుదరని ఉద్యోగస్తులకు, ఇల్లాళ్లకు ఇది మంచి కబురు. నొప్పి మడమ ఎముకకు అతుక్కునే చోటనే ఉంటే మాత్రం మెట్టు కిందికి మడమ దించకూడదు, నేల మీదే చేయాలి. ఇలాంటి తేడాలు చెప్పడానికే ఫిజియో కావాలి.

ఈ కాలమంతా పరుగు పూర్తిగా మానాలని కూడా లేదు. స్వీడన్‌లోనే కరిన్ సిల్బర్‌నాగెల్ బృందం 2007లో ఒక పద్ధతిని పరీక్షించింది. పదికి అయిదు దాటని నొప్పితో మెల్లగా పరుగెత్తవచ్చు. మర్నాడు పొద్దుటికి అది తగ్గిపోవాలి, వారం వారం పెరగకూడదు. అలా పరుగు కొనసాగించినవాళ్లకు నష్టమేమీ జరగలేదు. పెద్దవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే కొలత లేదని మా నమ్మకం. గడియారాన్ని, ఫోన్‌లోని యాప్‌ను పక్కనపెట్టి, పొద్దున మంచం దిగిన మొదటి పది అడుగులను అడగండి. బలంగా లాగిన తర్వాత ఒకటిన్నర రోజు దాకా బంధనంలో కట్టుకునేదాని కన్నా విరిగేదే ఎక్కువ. అందుకే పరుగుకూ పరుగుకూ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉండాలి. ముందు చదును నేల, మెల్లని పరుగు. వేగం, ఎత్తులు చివరన. నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు ఎక్కి దిగే దారి, విశాఖ నుంచి రుషికొండ వైపు బీచ్ రోడ్డు ఎగుడుదిగుడు, కోలుకుంటున్న మడమకు ఆఖరి పరీక్షలు.

ఇవన్నీ కలిపితే తక్కువలో తక్కువ మూడు నెలలు. పోటీ వేగానికి రావాలంటే చాలామందికి ఆరు నెలలు, ఆపైన. జూన్‌లో గాయపడ్డ మనిషికి ఆగస్టు పోటీ ఏ లెక్కన చూసినా అందదు.

ఇక్కడ హెచ్చరికలు కొన్ని. పరుగులో వెనకనుంచి ఎవరో కాలితో తన్నినట్టు అనిపించి, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే బంధనం తెగి ఉండవచ్చు. వ్యాయామాలు మొదలుపెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పోటీకి ముందు నొప్పి మాయం చేస్తుందని అకిలిస్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోకండి. ఆ హాయి కొన్ని వారాలే, తెగే ప్రమాదం మిగులుతుంది. మూడోది మనకు మరీ దగ్గరిది. విరేచనాలని, మూత్రంలో మంటని మందుల షాపులో అడిగి కొనుక్కునే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ జాతి మందులు స్నాయుబంధనాలను దెబ్బతీయగలవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో వాటి మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. డాక్టరు రాసే ముందు మీరు పరుగెత్తుతారని చెప్పండి. షుగర్ అదుపులో లేకపోయినా బంధనాలు పాడవుతాయి.

గాయం వచ్చిందనగానే ఇంట్లో మొదటి మాట: ఈ వయసులో పరుగులెందుకు? మగవాళ్లు దీన్ని ఎలాగో దాటేస్తారు. యాభై ఏళ్లకు ధైర్యం చేసి ట్రాక్ ప్యాంటు వేసుకున్న ఆడవాళ్లకు ఆ మాటే తలుపుకు గొళ్లెమవుతుంది. “కాలు నొప్పి అన్నావుగా, ఇంక చాల్లే” అంటారు. వచ్చే ఏడాది పోటీలో తన పేరు ఇప్పటికే ఉందని, రుసుము కట్టేసి ఉందని ఆమె చెప్పగలిగితే ఆ గొళ్లెం తీయడం తేలికవుతుంది. మా కోరికలో మాకు అన్నిటికన్నా విలువైన ప్రయోజనం ఇదే.

నిర్వాహకుల అభ్యంతరాలు మాకు తెలుసు. దొంగ చీటీలు వస్తాయంటారు. ఒక మనిషికి ఒక్కసారే అనుమతించండి, పోటీకి నెల ముందే గడువు పెట్టండి, వచ్చే ఏడాది రుసుము పెరిగితే తేడా కట్టించుకోండి. టీషర్టులకు, మెడళ్లకు ఆర్డరు ఇచ్చేశామంటారు. ఆ ఏడాదివి మాకు ఇవ్వనక్కర్లేదు. లండన్, న్యూయార్క్ మారథాన్‌లలో ముందుగా తప్పుకున్నవాళ్లకు నిబంధనల ప్రకారం వచ్చే ఏడాదికి చోటు దక్కే పద్ధతి ఉంది. అక్కడ రుసుము మళ్లీ కట్టాలి. ఆ మాత్రం చేసినా మొదటి అడుగుగా ఒప్పుకుంటాం.

దీనికి తోడు ఇంకొక్కటి. ప్రపంచ మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో 35 ఏళ్ల నుంచి అయిదేసి ఏళ్లకు ఒక విభాగం ఉంటుంది. మన రోడ్డు పోటీలు చాలావాటిలో నలభై ఆరేళ్ల మనిషి, యాభై తొమ్మిదేళ్ల మనిషి ఒకే వరసలో నిలబడతారు. కోలుకుని వచ్చిన పెద్దమనిషికి తన ఈడువాళ్లతో పోటీ లేకపోతే పోల్చుకోవడానికి తన పాత టైమింగ్ ఒక్కటే మిగులుతుంది. దాని వెంటపడితే మడమ మళ్లీ పోతుంది. బహుమతి డబ్బు లేకపోయినా ఫర్వాలేదు, ఫలితాల పట్టికను అయిదేళ్ల విభాగాలుగా ప్రకటించండి.

వందేళ్ల ఫౌజా సింగ్ టొరంటో మారథాన్ పూర్తిచేసిన వీడియో అందరి ఫోన్లకూ వచ్చింది. అదే 2011 పోటీలో ఎనభై ఏళ్ల ఎడ్ విట్‌లాక్ 3 గంటల 15 నిమిషాల 54 సెకన్లలో పరుగు ముగించాడు. గాయాలతో చాలాకాలం పరుగుకు దూరమై తిరిగొచ్చిన మనిషి ఆయన. మన క్లబ్బుల్లో చెప్పుకోవాల్సింది ఆ తిరిగొచ్చిన కథ. క్లబ్బు పెద్దలారా, గాయపడ్డ సభ్యుడిని ఆదివారం పొద్దున ఇంట్లో ఉంచకండి. పార్కు మెట్ల దగ్గర అరగంట పిక్క వ్యాయామానికి చోటు చూడండి, ఒక ఫిజియోను నెలకోసారి పిలవండి, నీళ్ల స్టాలు బాధ్యత ఆయనకివ్వండి. “ఎప్పుడొస్తున్నారు సార్?” అని వారం వారం అడగడం మానండి.

ఈ కాగితం వెనక మీ పేరు, వయసు, ఊరు రాసి సంతకం చేసి, బిబ్ తీసుకునే చోట నిర్వాహకుల బల్ల మీద ఇవ్వండి. మడమ బాగున్నవాళ్లూ సంతకం చేయండి.

— మీతోపాటు పరుగెత్తే పెద్ద వయసు రన్నర్లం