తెరచాప పడవల సరదా: నేర్పవలసింది మన రేవులవారే
కొత్తవారికి దారి చూపితే ఉభయులకూ మేలు

కాకినాడ: భారత నౌకాదళానికి చెందిన యిద్దరు మహిళా అధికారులు కె. దిల్నా, ఎ. రూప ‘తారిణి’ అనే తెరచాప నౌకపై భూగోళాన్ని చుట్టి 2025 మే 29న గోవా చేరుకోవడంతో తెరచాప ప్రయాణాల సంగతి దేశంలో మళ్లీ చర్చకు వచ్చింది. ఒకప్పుడు ఈ జిల్లా రేవులకు కూడుపెట్టిన విద్య యిది. ఇప్పుడు దానిని నేర్చుకోవాలని ఉబలాటపడుతున్నవారు పట్నవాసులు. మరచిపోతున్నవారు సముద్రం ఒడ్డున పుట్టినవారు. ఈ రెండు వర్గాలనూ కలపగలిగితే జిల్లాకు లాభమా, నష్టమా అన్నది యిప్పుడే ఆలోచించుకోవలసిన విషయం.

తెలుగువారికి తారిణి పేరు కొత్త కాదు. అదే నౌకపై 2017 సెప్టెంబరు 10న బయలుదేరి 2018 మే 21న తిరిగి వచ్చిన ఆరుగురు మహిళా అధికారుల జట్టులో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. 2023లో చైనాలోని హాంగ్జౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో చిన్న తెరచాప పడవ పోటీలో రజత పతకం గెల్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లాకు చెందిన రైతుబిడ్డ. ఆమె పడవ నడపడం నేర్చుకున్నది సముద్రంలో కాదు, భోపాల్ చెరువులో. హైదరాబాదులో 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ హుస్సేన్‌సాగర్‌లో పేద బస్తీల పిల్లలకు ఈ విద్య నేర్పుతూ వచ్చింది. సముద్రం లేని ఊళ్ల పిల్లలు తెరచాప పడుతున్నారు. సముద్రం గుమ్మంలో ఉన్న ఊళ్ల పిల్లలకు ఆ అవకాశం లేదు.

పందెం వేరు, ప్రయాణం వేరు

తెరచాప పడవలలో రెండు తరగతులున్నాయి. ఒకటి పందెపు పడవ. గుర్తు బల్లల చుట్టూ తిరిగి ముందుగా వచ్చినవాడు గెలుస్తాడు. రెండవది ప్రయాణపు పడవ. పన్నెండు మొదలు ఇరవై అడుగుల చిన్న పడవలో ఒకరో యిద్దరో బియ్యం, మంచినీళ్లు, గుడారపు గుడ్డ వేసుకుని ఒడ్డు వెంట సాగిపోతారు. చీకటి పడితే ఏ యిసుకతిప్ప మీదనో, కాలువ గట్టునో ఆగుతారు. వండుకుతింటారు. మరునాడు గాలి చూసుకుని మళ్లీ బయలుదేరతారు. ఇందులో గెలుపూ ఓటమీ లేవు. క్షేమంగా వెళ్లి క్షేమంగా రావడమే గెలుపు.

మన దేశంలో పందెపు పడవలు సైనిక సంస్థలలోను, కొద్ది క్లబ్బులలోను ఉన్నాయి. ప్రయాణపు పడవల అలవాటు మాత్రం సామాన్యులలోకి రాలేదు. దీనికి డబ్బు ఒక్కటే కారణం కాదు. కొత్తవాడు వచ్చి తలుపు తడితే తీసే మనిషి లేకపోవడం అసలు కారణం.

బయటి దేశాలలో ఎలా జరిగింది?

బ్రిటన్‌లో కూడా ఒకప్పుడు తెరచాప పడవ శ్రీమంతుల ఆటవస్తువే. 1960ల మొదట్లో అక్కడి ‘డైలీ మిర్రర్’ అనే దినపత్రిక ఒక చవక పడవను తయారు చేయించింది. ప్లైవుడ్ పలకలను రాగితీగతో కుట్టి, అతుకుల మీద జిగురుపట్టీ వేసి, ఇంటి పెరట్లో ఎవరికివారే కట్టుకునే పడవ అది. సామాగ్రి మొత్తం ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. ఎర్ర తెరచాపతో గుర్తుపట్టగలిగే ఆ పడవలు 70 వేలకు పైగా తయారయినాయి. పడవ అంటే ఏమిటో తెలియని గుమాస్తాలు, బడిపంతుళ్లు వాటితో నీళ్లలో దిగారు.

ఫ్రాన్సులో మరో పద్ధతి నడిచింది. ఫిలిప్ వియన్నే, ఆయన భార్య ఎలెన్ 1947లో బ్రిటనీ తీరానికి ఎదురుగా ఉన్న గ్లెనాన్ దీవులలో ఒక శిబిరం పెట్టారు. జర్మన్ల ఆక్రమణను ఎదిరించిన యువకులు యుద్ధం ముగిశాక సేదదీరేందుకు మొదలైన ఆ శిబిరం చివరకు పెద్ద తెరచాప పాఠశాల అయింది. అక్కడ జీతం తీసుకోకుండా నేర్పడం ఆచారం. నిన్న నేర్చుకున్నవారే నేడు నేర్పుతారు. వంట, గిన్నెలు తోమడం, పడవ శుభ్రం చేయడం అందరూ పంచుకుంటారు.

ఇంకొక ఉదాహరణ ఫ్రాంక్ డై అనే ఆంగ్లేయుడిది. ఆయన పదహారు అడుగులైనా నిండని, పైకప్పు లేని పడవలో తోడుగా ఒక్క మనిషిని పెట్టుకుని 1963లో స్కాట్లండ్ నుంచి ఐస్‌లాండ్‌కు, 1964లో నార్వేకు వెళ్లాడు. నార్వే ప్రయాణంలో పెద్ద తుఫానులో పడవ పలుమార్లు తిరగబడి తెరచాప కొయ్య విరిగింది. అయినా ఒడ్డు చేరారు. ఆ పడవను ఇప్పుడు ఇంగ్లండులోని ఫాల్మత్ మ్యూజియంలో భద్రపరచారు. దీనిని చూసి ప్రతివారూ సముద్రంపైకి ఉరకాలని కాదు. ఏళ్ల తరబడి చిన్న ప్రయాణాలు చేసి, పడవలో ప్రతి తాడునూ ఎరిగినందువల్లనే వారు బతికారన్నది గమనించదగ్గ విషయం.

చవక పడవ, నేర్పే బడి, తోడు వచ్చే పాతకాపు అనే మూడూ ఉన్నచోటనే కొత్తవారు నిలదొక్కుకున్నారు.

కొత్తవారి మొదటి పాఠాలు

ఎదురుగాలికి సూటిగా ఏ తెరచాప పడవా పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల వాలున ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, ఘాటు రోడ్డు ఎక్కే బస్సులా మెలికలు తిరుగుతూ పోవాలి. పడవ అడుగున నీళ్లలోకి దిగే పలక లేకపోతే పడవ ముందుకు పోక పక్కకు కొట్టుకుపోతుంది. ఇది మొదటి పాఠం.

రెండవది, పడవ తిరగబడితే ఏమి చేయాలన్నది. మంచి బడులలో నేర్చుకునేవాడి చేతనే పడవను తిరగేయించి, మళ్లీ నిలబెట్టిస్తారు. లోపల గాలి డబ్బాలున్న పడవ మునగదు. పడవను వదలి ఒడ్డుకు ఈదబోయినవాడే ఎక్కువగా ప్రమాదంలో పడతాడు. మూడవది, గాలి పెరగకముందే తెరచాపను మడిచి కుదించడం. నాల్గవది, ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పుడు వచ్చేదీ ఒడ్డున ఒకరికి చెప్పిపోవడం. చివరిది అన్నిటికంటే కష్టమైనది. మబ్బు తేడాగా కనిపిస్తే సిగ్గుపడకుండా వెనక్కి తిరగడం. కొత్తవాడికి లేనిదీ, పాత జాలరికి ఉన్నదీ ఈ వివేకమే.

మన రేవుల పరిస్థితి

శాతవాహనుల నాణేలపై రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉన్నది. కోరంగి రేవు నుంచి బర్మాకు ఎంతమంది వెళ్లారంటే అక్కడ తెలుగువారికి ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది. 1839 నవంబరు తుఫాను ఆ రేవును దెబ్బతీసినా, కోరంగి, తాళ్లరేవు వడ్రంగుల ఓడపని తరువాత కూడా కొనసాగింది. గోదావరి కాలువల మీద తెరచాప ఎత్తి, గాలి లేనప్పుడు గట్టు మీద నుంచి తాడుతో లాగి, సరుకుల పడవలు నడిపిన సంగతి పెద్దలకు తెలిసినదే.

1980ల తరువాత వేట పడవలకు యింజన్లు వచ్చాయి. ఆ తరువాత ఫైబర్ తెప్పలు వచ్చాయి. వేట దూరం పెరిగింది, శ్రమ తగ్గింది. దీనిని కాదనలేము. గాలిని నమ్ముకుని పస్తులున్న రోజులు తిరిగి రావాలని ఏ మత్స్యకారుడూ కోరడు. అయితే దీనితోపాటు ఒక నష్టం జరిగింది. యింజను నడిసముద్రంలో చెడిపోతే తెరచాప ఎత్తి ఒడ్డు చేరడం చాలామంది కుర్రవాళ్లకు తెలియదు. యింజను ఆగి రోజుల తరబడి కొట్టుకుపోయిన పడవల వార్తలు తీరప్రాంతంలో కొత్తవి కావు. తెరచాప తెలిసినవాడికి అది రెండవ ప్రాణం.

ఉప్పాడ వంటి చోట్ల సముద్రం ఊరినే కోస్తుండగా పడవ లాగి పెట్టుకోవడానికే జాగా కరువయింది. కాలువలు పూడి, గుర్రపు డెక్క పట్టి ఉన్నాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలను, కృష్ణా గోదావరి నదులలో కొంత భాగాన్ని కలిపి 1,078 కిలోమీటర్ల దారిని 2008లోనే నాల్గవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పేరు పెద్దదే అయినా, తక్కువ ఎత్తు వంతెనల కింద కొయ్య దించుకునే చిన్న పడవకు తప్ప మరో తెరచాపకు దారి లేని చోట్లు పలు ఉన్నాయి.

కచ్చులూరు గుణపాఠం

నీటి మీద సరదా అనగానే ఈ ప్రాంతంవారికి 2019 సెప్టెంబరు 15 గుర్తుకు రాక మానదు. ఆ రోజు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి యాభైమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. అంతకు రెండేళ్ల క్రితం 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్రసంగమం వద్ద యిరవై మందికి పైగా చనిపోయారు. ఈ రెండూ యింజను పడవలే. గాలి తప్పు కాదు, మనుషుల తప్పు. నది సంగతి ఎరిగినవారి మాటకు విలువ లేకపోవడం, లైఫ్ జాకెట్లు అలంకారంగా మిగలడం అసలు జబ్బు.

కచ్చులూరులో మునుగుతున్నవారిని తమ పడవలలో వెళ్లి రక్షించినవారు ఆ దరిదాపుల గిరిజన గ్రామస్థులే. నది అడుగునుంచి ఆ పడవను వెలికితీసింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. ఆపద వచ్చినప్పుడు అక్కరకు వచ్చిన ఈ నేర్పును, ఆపద రాకముందు ఎందుకు వాడుకోరాదన్నది ప్రశ్న.

చేయవలసినదేమి?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యింజను పడవల వేట నిషేధం. ఈ కాలానికి ప్రభుత్వం యిచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది. అయినా రెండు నెలలు చేతిలో పని ఉండదు. ఆ నెలలే పిల్లలకు వేసవి సెలవులు. నిషేధం తెరచాప, తెడ్డు పడవలకు వర్తించదు. హోప్ ఐలాండ్ యిసుక దిబ్బ అలలకు అడ్డుగా నిలిచిన కాకినాడ అఖాతం నేర్చుకునేవారికి అనువైన నీరు. వర్తక ఓడల దారికి, వలలకు, కోరంగి మడ అడవుల అభయారణ్యానికి దూరంగా ఒక హద్దు గీసి, మే నెల తుఫాను హెచ్చరికలకు కట్టుబడి, పాతతరం మత్స్యకారులను గురువులుగా పెట్టి శిబిరాలు నడపవచ్చు. పట్నం నుంచి వచ్చేవారు రుసుము చెల్లిస్తారు. ఊరి పిల్లలు ఉచితంగా నేర్చుకుంటారు.

దీనికి చట్టం అడ్డు కాకపోగా ఒక వీలు కూడా ఉన్నది. 2021 నాటి దేశీయ జలనౌకల చట్టం నదులు, కాలువల మీద తిరిగే యింజను లేని పడవల నమోదును గ్రామ పంచాయతీ స్థాయి దాకా అప్పగించే అవకాశం కల్పించింది. పంచాయతీ పుస్తకంలో పడవ పేరు, నడిపేవాడి పేరు, లైఫ్ జాకెట్ల లెక్క ఉంటే ప్రమాదాలు సగానికి సగం ముందే కనబడతాయి. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ ప్రాణరక్షణలోను, పడవ నడపడంలోను శిక్షణ యిస్తున్నది. మన మత్స్యకార యువకులను కొందరిని అక్కడికి పంపితే వారికి ఉన్న నేర్పుకు కాగితం కూడా తోడవుతుంది. కాగితం లేకపోతే రేపు పర్యాటక సంస్థలు వచ్చినప్పుడు వారికి దక్కేది సామాన్లు మోసే పని మాత్రమే.

అనుమానాలు లేకపోలేదు. సరదా పడవలు వలలు తెంపుతాయేమో, ఒడ్డున హోటళ్లు వచ్చి తెప్పలు పెట్టుకునే చోటు పోతుందేమో అన్న భయం సహేతుకమైనదే. అందువల్లనే మత్స్యకార సహకార సంఘాలకు చెప్పకుండా, వారి సమ్మతి లేకుండా ఏ క్లబ్బుకూ ఒడ్డున గజం జాగా యివ్వరాదు. కొత్తవారు కూడా ఒకటి తెలుసుకోవాలి. వారికి సముద్రం సెలవురోజు కాలక్షేపం. ఆ ఒడ్డున ఉన్నవారికి అది పొలం. పొలంలో నడిచేవాడు గట్టు చూసి నడవాలి.

పట్నవాసులకు ఈ సరదా ఒకసారి అలవడితే మనం పిలిచినా పిలవకపోయినా వారు మన రేవులకు వస్తారు. పెద్దలలో తెరచాప ఎత్తడం తెలిసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. వారు ఉండగానే మత్స్యశాఖ, పర్యాటకశాఖ అధికారులు, పంచాయతీ పెద్దలు, సంఘాల నాయకులు ఒకచోట కూర్చోవాలి. లేనిపక్షంలో నీటిని ఎరిగినవారు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడగా, ఎరుగనివారు చుక్కాని పట్టే రోజు వస్తుంది. ఆ రోజు ఎలా ఉంటుందో కచ్చులూరు ఒకసారి చెప్పింది.