ప్యాకెట్లో ప్రాణం ఉందో లేదో ఎవరు చూడాలి?

బెజవాడ గవర్నర్‌పేటలో మాది పురుగుమందుల కొట్టు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వైపు రైతులు బస్సు దిగి వస్తారు. చాలామంది చేతిసంచిలో నాలుగు వరి ఆకులు మడిచి తెస్తారు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చ, మధ్యలో బూడిద రంగు ఉంటే అగ్గితెగులు. నీటిమట్టానికి కాస్త పైన కాండం చుట్టూ చారలు పాకుతుంటే పాముపొడ. రెండూ శిలీంధ్రాల పనే, కానీ ఒకదాని మందు రెండోదానికి అన్నిసార్లూ పనికిరాదు.

అగ్గితెగులు శిలీంధ్రం ఆకులోకి దిగే తీరు గురించి చదివి ఆశ్చర్యపోయాను. మంచు తడి ఉన్న ఆకు మీద బీజం మొలకెత్తి, మొలక చివర చిన్న బుడగ కడుతుంది. బుడగ గోడకు మెలనిన్ అనే నల్లపూత పట్టాక లోపల ఒత్తిడి పెరుగుతుంది. 1991లో శాస్త్రవేత్తలు దాన్ని అంచనా కడితే వాతావరణ పీడనానికి 80 రెట్లు తేలింది. కారు టైరులో గాలి దాని ముందు ఏపాటిది! ఆ బలంతోనే ఆకు పైపొరను పొడుచుకుని లోపలికి పోతుంది. మేం లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున ఇచ్చే ట్రైసైక్లజోల్ ఆ నల్లపూత పట్టకుండా అడ్డుకుంటుంది, అంతే. అందుకే కంకి మెడ విరిగాక కొట్టి లాభం లేదని వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాను. యూరియా తగ్గించండని కూడా చెబుతాను, అది మాత్రం ఎవరూ వినరు.

1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి అంటే మన డెల్టాకు ప్రాణం. అగ్గితెగులుకూ అదే ఇష్టం. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే సాంబ మసూరిని హైదరాబాద్ శాస్త్రవేత్తలు 2008లోనే ఇచ్చారు. అగ్గితెగులును తట్టుకునే పీఐ2, పీఐ54 జన్యువులను కూడా రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో ఆ వంగడంలోకి ఎక్కించారు. ఇలాంటి విత్తనం ఊరూరికీ చేరితే నా కొట్టులో తెగులు మందుల అమ్మకం పడిపోతుంది. పడిపోనీయండి. ఐరోపా వాళ్లు బియ్యంలో ట్రైసైక్లజోల్ అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదన్నారు. మనం తినే అన్నానికి ఆ జాగ్రత్త అక్కర్లేదా?

నేను అసలు రాయాలనుకున్నది ట్రైకోడెర్మా గురించి. అదీ శిలీంధ్రమే, కానీ రైతు పక్షాన ఉండేది. నేలలో దాగి వేరుకుళ్లు, ఎండు తెగులు తెచ్చే శిలీంధ్రాలను చుట్టుకుని తినేస్తుంది. ఆకు మీది అగ్గితెగులును దానికి వదిలేసి నిశ్చింతగా ఉండమని మాత్రం చెప్పను. మాగాణి మినుముకు కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టిస్తే చాలు. మొన్న ఒక పెద్దాయన ఎక్కడో కొన్న ప్యాకెట్ తెచ్చి నా ముందు పెట్టాడు. "అబ్బాయ్, ఇది కలిపినా వేరుకుళ్లు ఆగలేదేంటి?" అన్నాడు. వెనక తిప్పి చూస్తే తయారై దాదాపు ఏడాది. మధ్యలో మన బెజవాడ మే నెల ఒకటి గడిచింది. సుద్దపొడిలో కలిపిన ట్రైకోడెర్మా మామూలు గదిలో మూడు నాలుగు నెలలకే నీరసిస్తుంది. రేకుల గోదాములో ఏమైపోయి ఉంటుందో చెప్పాలా? పైగా ఆయన దాన్ని కార్బెండజిమ్‌తో కలిపి విత్తనానికి పట్టించాడు. కార్బెండజిమ్ శిలీంధ్రాలను చంపే మందు, ట్రైకోడెర్మాను కూడా వదలదు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ కణాలు ఉండాలని కేంద్రం నిబంధన. కంపెనీ గడప దాటేటప్పుడు ఉంటే ఉండొచ్చు. రైతు చేతికి వచ్చేనాటికి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టేదెవరు? 2021 నుంచి నియోజకవర్గాల్లో వ్యవసాయ పరీక్షా కేంద్రాలు పెట్టారు. ఈ లెక్క వాటికే అప్పగించాలి, దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గాజు పళ్లెం, పోషక జిగురు, వెచ్చని పెట్టె, నాలుగైదు రోజుల ఓపిక చాలు. కొట్ల నుంచే నమూనాలు తీయాలి, నా కొట్టుతోనే మొదలుపెట్టాలి. చచ్చిన సరుకు అమ్మినవాడికీ, చేసినవాడికీ జరిమానా పడాలి. తయారీ తేదీ ప్యాకెట్ ముందువైపే పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి. జీవ శిలీంధ్రాలు అమ్మే కొట్టులో ఫ్రిజ్ తప్పనిసరి చేయాలి.

అందాకా రైతు చేతిలో ఉన్న పరీక్ష ఒకటుంది. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో తడి గోనెపట్టా కప్పండి. వారం పది రోజులకు కుప్ప మీద తెల్లటి బూజు వచ్చి ఆకుపచ్చగా మారితే పొలంలో చల్లండి. ఏమీ రాకపోతే ఆ ప్యాకెట్, బిల్లు పట్టుకుని కొన్న కొట్టుకు వెళ్లి డబ్బులు వెనక్కి అడగండి.