ఆ నలుగురిలో నేనొకణ్ణి

పిల్లల్ని దారిలో పెట్టడానికి మన ఇళ్ళల్లో ఒక బెత్తం ఉంది. దాని పేరు "నలుగురూ ఏమనుకుంటారు?" ఈ నలుగురూ ఎవరో, వాళ్ళకి వేరే పనీపాటా లేదో, నాకు చిన్నప్పట్నించీ సందేహమే.

మా వీధిలో ఒక కుర్రాడుండేవాడు. కుర్రాడనే అనుకున్నాం అప్పట్లో. ఎనిమిదో తరగతిలో స్కూలు వార్షికోత్సవానికి సత్యభామ వేషం కట్టాడు. జడ ముందుకి వేసుకుని ఓరగా చూసేసరికి ఒకటే చప్పట్లు. మేష్టర్ని కనక బహుమతి నా చేతి మీదుగానే ఇచ్చాను. ఆర్నెల్లు తిరిగేసరికి అదే నడక వీధిలో కనబడింది. అంతే! చప్పట్లు కొట్టిన చేతులే వీపు మీద పడ్డాయి. కాటుక పెట్టుకున్నాడని తండ్రి బెల్టు తీశాడు. నేను అడ్డుపడలేదు సరికదా, "కాస్త భయం చెప్పండి, అదే పోతుంది" అని అరుగు మీద కూర్చుని సలహా ఇచ్చాను.

అది పోలేదు. పిల్లే పోయింది. పదో తరగతి పరీక్షలు కాగానే రైలెక్కేసింది.

మన రసికత చూడండి! స్థానం నరసింహారావుగారు చీర కడితే పరవశించాం, 1956లో పద్మశ్రీ ఇచ్చుకున్నాం. వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామకి 1970లో ఇచ్చుకున్నాం. వానలు పడకపోతే విరాటపర్వం చదివించుకుంటాం. అందులో బృహన్నల ఉత్తరకి నాట్యం నేర్పుతుంటే "నలుగురూ ఏమనుకుంటారు" అని విరాటరాజుని నిలదీసినవాడు లేడు.

"వేషం వేరు, బతుకు వేరండీ" అంటారు. నేనూ అదే అంటున్నాను! వాళ్ళు తెర దించగానే చీర విప్పేసిన మగవాళ్ళు. ఈ పిల్లకి చొక్కా, నిక్కరే వేషం. తెర దించకుండా రాత్రీ పగలూ అది వెయ్యలేకే కదా పారిపోయింది!

"ఇదంతా సినిమాలు చూసీ, ఫోన్లు చూసీ" అంటారు మరికొందరు. ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకెళ్ళమని నిజాం రాజ్యంలో చట్టం చేసింది 1919లో. అప్పటికి తెలుగు టాకీయే పుట్టలేదు. మరి వాళ్ళు ఏ సినిమా చూసి చెడిపోయినట్టు? ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. తాను ఆడో మగో మరొకటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. కోర్టులు కొట్టేసినా మా అరుగు మీది చట్టం మాత్రం అమల్లోనే ఉంది.

ఏళ్ళు గడిచాక తండ్రి మంచాన పడ్డాడు. నలుగురూ గుమ్మందాకా వచ్చి, "అయ్యో" అని వెళ్ళారు. లోపలికి వచ్చి మంచం పక్కన కూచున్నది ఆ పిల్లే. నేత చీర, తల్లో మల్లెపూలు. మందులకి డబ్బు తన సంపాదనే. నన్ను చూసి, "బావున్నారా మేష్టారూ?" అంది. తల ఎత్తలేకపోయాను.

అమ్మల్లారా, అయ్యల్లారా! మీరు భయపడుతున్న ఆ నలుగురిలో ఒకణ్ణి నేనే. మీ పిల్లల్ని చూసి నేనేమీ అనుకోను, ఒట్టు.

ఇక మిగిలింది ముగ్గురు.